లారీ యాక్సిడెంట్‌లో తప్పు డ్రైవర్ దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

లారీ యాక్సిడెంట్ ఎఫ్‌ఐఆర్‌లు నాలుగు చదివితే చాలు, ఒకే వాక్యం అన్నిట్లోనూ కనిపిస్తుంది: "సదరు లారీ డ్రైవర్ తన వాహనాన్ని అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి..." ఊరు మారుతుంది, బండి నంబర్ మారుతుంది, పోయినవాళ్ల పేర్లు మారతాయి. ఆ వాక్యం మాత్రం మారదు. ఒక్కోసారి అది తిరగబడి చనిపోయినవాడి మీదికే వస్తుంది: "ఆగి ఉన్న లారీని వెనక నుంచి అజాగ్రత్తగా ఢీకొట్టి..." ఎటు తిప్పినా తప్పు స్టీరింగో హ్యాండిలో పట్టుకున్న ఒక్క మనిషిదే అవుతుంది. లారీలో ఎన్ని టన్నులున్నాయి, ఎక్కించమన్నది ఎవరు, డ్రైవర్ నిద్రపోయి ఎంతసేపైంది, బండి అక్కడే ఎందుకు ఆగింది, ఆగమన్నది ఎవరు? ఇవేవీ ఆ కాగితంలో ఉండవు.

ఈ ప్రశ్నలు అడగడానికి చట్టంలో చోటు లేదనుకుంటే పొరపాటు. చోటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. బాధ్యత తేల్చే పని డ్రైవర్ పేరుతో మొదలవ్వొచ్చు గానీ, ఆ బండిని ఆ లోడుతో, ఆ టైముకి రోడ్డెక్కించిన ప్రతి ఒక్కరి గుమ్మం దాకా వెళ్లాలి. నేను ఇంత గట్టిగా అనడానికి మా ఇంట్లో జరిగింది కూడా ఒక కారణం.

మా పెద్దమ్మ కొడుకు రాత్రి డ్యూటీ దిగి విజయవాడ హైవే మీద బైక్‌పై ఇంటికొస్తూ, పెద్ద అంబర్‌పేట దగ్గర ఆగి ఉన్న లారీని గుద్దుకుని చనిపోయాడు. మేం వెళ్లేసరికి లారీ ఇంకా అక్కడే ఉంది. ఎడమ చక్రాలు మట్టిలో, కుడి చక్రాలు తెల్ల గీత దాటి తారు మీద. ఇండికేటర్లు వెలగట్లేదు. వెనక రేడియం స్టిక్కర్ మీద మట్టి ఎంత మందంగా పేరుకుందంటే, మా బావ వేలితో గీకితే గానీ కింద ఎరుపు కనిపించలేదు. త్రిభుజం బోర్డు లేదు. రెండు రాళ్లు, ఒక వేపకొమ్మ, అంతే. క్లీనర్‌కి పద్దెనిమిదేళ్లు కూడా ఉండవేమో, రోడ్డు పక్కన కూర్చుని ఏడుస్తున్నాడు. "టైరు పగిలింది సార్. ఓనర్‌కి ఫోన్ చేసినం. స్టెప్నీ పంపిస్త, సరుకు వదిలి పోవద్దు, అక్కడ్నే ఉండుమన్నడు" అన్నాడు.

ఆ మాట ఎఫ్‌ఐఆర్‌లోకి రాలేదు. తెల్లారేసరికి లారీని స్టేషన్ పక్కకు తీసుకెళ్లారు. సరుకు వేరే బండిలోకి మారిపోయింది. అన్నయ్యే వెనక నుంచి ఢీకొట్టాడని రాశారు. రోడ్డు పక్క టీ కొట్టాయన తన ఫోన్‌లో తీసిన ఫోటోలు లేకపోతే ఆ తెల్ల గీత, ఆ మట్టి పట్టిన స్టిక్కర్ ఈ లోకంలో ఎక్కడా మిగిలేవి కావు. ఆ ఫోటోలతో పై అధికారికి అర్జీ పెట్టుకున్నాకే కేసు మలుపు తిరిగి డ్రైవర్ మీద పెట్టారు. అక్కడితో ఆగింది.

ఆగి ఉన్న లారీని గుద్దితే తప్పు గుద్దినవాడిదేనని మనలో చాలామంది నమ్మకం. పోలీసులూ అలాగే అనుకుంటారు, ఇన్సూరెన్స్ వాళ్లకు అలా అనుకోవడమే లాభం. కానీ ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని రోడ్డు మీద వదలకూడదని సెక్షన్ 122 స్పష్టంగా చెబుతుంది. 2018లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. రాత్రిపూట రోడ్డు మీద లైట్లు, సిగ్నల్ ఏమీ లేకుండా గ్యాస్ ట్యాంకర్ ఆపితే కారు వెళ్లి గుద్దింది. హైకోర్టు ఇద్దరిదీ చెరి సగం తప్పంది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, పూర్తి తప్పు ట్యాంకర్‌దేనన్న ట్రిబ్యునల్ (యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టు) తీర్పును నిలబెట్టింది. అలాగని ప్రతి కేసులోనూ ఇదే ఫలితం రాదు. ముందు బండికి తగినంత దూరం పాటించకుండా వెళ్లి గుద్దితే వెనకవాడిదే తప్పన్న తీర్పులూ ఉన్నాయి. అందుకే ఆ రాత్రి ఆ చోట ఏం కనిపించింది, ఏం కనిపించలేదు అన్నదే కేసంతా. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లాంటి రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్ల స్పీడులో కారు సెకనుకు 33 మీటర్లు పోతుంది. చీకట్లో లైట్లు లేని లారీ కనిపించి, అది కదలట్లేదని బుర్రకు ఎక్కి, కాలు బ్రేక్ మీదికి వెళ్లేలోపు ఎంత రోడ్డు అయిపోతుందో మీరే లెక్కేసుకోండి.

ఆ "చెరి సగం" అన్న రెండు మాటలు ఒక ఇంటికి ఎంత ఖరీదో చెబుతాను. ముప్పై రెండేళ్ల మనిషి, నెలకు 30,000 సంపాదన, పర్మనెంట్ ఉద్యోగం కాదు, మీద ఆధారపడ్డవాళ్లు ముగ్గురు అనుకుందాం. ఏడాదికి 3.6 లక్షలు. 2017లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పినట్టు నలభై లోపు వాళ్లకు భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలిపితే 5.04 లక్షలు. సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసేస్తే 3.36 లక్షలు. ఆ వయసుకు గుణకం, అంటే దాన్ని హెచ్చవేయాల్సిన సంఖ్య, 16. మొత్తం పరిహారం 53.76 లక్షలు. అంత్యక్రియల ఖర్చుల్లాంటివి దీనికి అదనం. సగం తప్పు చనిపోయినవాడిదని తేలితే అందులో 26.88 లక్షలు పోతాయి. పిల్లల చదువులు, ఇంటి అద్దె, ముసలి తల్లి మందులు అన్నీ ఆ తేడాలోనే ఉన్నాయి. లారీ నంబర్ ఎవరూ చూడకుండా అది వెళ్లిపోతే హిట్ అండ్ రన్ కింద వచ్చేది 2 లక్షలే.

మరి ఈ డబ్బు కట్టేది ఎవరు? డ్రైవర్ దగ్గర లక్షలు ఎక్కడివి! డ్యూటీలో ఉన్న డ్రైవర్ తప్పుకు ఓనర్ బాధ్యుడు, ఓనర్ తరఫున థర్డ్ పార్టీ పాలసీ ఇచ్చిన కంపెనీ కట్టాలి. చదవడానికి తేలికగా ఉంటుంది, నడిచేది తేలికగా నడవదు. మా కేసులో ఓనర్ వేసిన కౌంటర్‌లో (కోర్టుకిచ్చే రాత జవాబులో) మొదటి మాటే "ఆ బండి నేను ఎప్పుడో అమ్మేశాను" అని. మన ఊళ్లో సెకండ్ హ్యాండ్ లారీల వ్యాపారం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని, డబ్బులు చేతులు మారి, ఆర్‌సీ మాత్రం పాత పేరు మీదే ఏళ్ల తరబడి తిరుగుతుంది. మంచి విషయం ఏమిటంటే, ఈ సాకుకు కూడా 2018లోనే సుప్రీంకోర్టు తలుపు మూసింది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్. చేతులెన్ని మారాయో వెతుక్కుంటూ తిరగాల్సిన పని బాధితులది కాదు. లారీ అమ్మినవాళ్లు పేరు మార్పించే దాకా నిద్రపోకూడదు.

కంపెనీ వేసే కౌంటర్లు వేరే రకం. డ్రైవర్ లైసెన్స్ చెల్లదు, పర్మిట్ లేదు, ఫిట్‌నెస్ అయిపోయింది. 2004లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం దీని మీద ఇచ్చిన తీర్పే ఇప్పటికీ ఆధారం: లైసెన్స్ లేదని చూపిస్తే సరిపోదు, ఓనర్ తెలిసి చేసిన నిర్లక్ష్యం కూడా కంపెనీయే రుజువు చేయాలి. అలా రుజువైనా ముందు బాధితులకు కట్టి, తర్వాత ఓనర్ దగ్గర రాబట్టుకోమని కోర్టు చెప్పొచ్చు. లాయర్లు "పే అండ్ రికవర్" అనేది దీన్నే. చిన్న డీసీఎంల (సరుకులు మోసే మినీ లారీల) విషయంలో 2024 నవంబరులో ఇంకో చిక్కు తొలగింది. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండిని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తో నడపొచ్చని రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది.

డీసీఎం అనగానే ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. పెళ్లికో, జాతరకో, కూలి పనికో డీసీఎంలో నిలబెట్టి నలభై మందిని ఎక్కించుకుపోవడం మన జిల్లాల్లో మామూలు. అది బోల్తా పడితే వెనక ఎక్కినవాళ్ల విషయంలో ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. సరుకుల బండిలో సరుకు ఓనరో, అతని మనిషో తప్ప మిగతావాళ్లు పాలసీ కిందికి రారని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. కోర్టు ఓనర్ మీద వేసిన డిక్రీ కాగితంగానే మిగలొచ్చు. దయచేసి ఎక్కకండి, మీవాళ్లను ఎక్కనివ్వకండి.

ఇక లోడు సంగతి. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది పోయారు. టిప్పర్‌లోని కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయి, సీట్లలో ఉన్నవాళ్లు దాని కింద కూరుకుపోయారు. ఆ దృశ్యాలు టీవీలో చూసినవాళ్లకు లోడు అనేది యాక్సిడెంట్‌కు సంబంధం లేని విషయం కాదని ఇంకెవరూ చెప్పక్కర్లేదు. బరువు పెరిగేకొద్దీ బండి ఆగడానికి ఎక్కువ రోడ్డు కావాలి, బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి, మలుపులో బండి ఒరుగుతుంది. టైరు పగలడంలోనూ బరువు చెయ్యి ఉంటుంది.

ఓవర్‌లోడ్‌కు సెక్షన్ 194 కింద జరిమానా 20,000, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఈ సెక్షన్ నడిపినవాడితో ఆగదు, నడిపించినవాడినీ నడపనిచ్చినవాడినీ కలుపుకుంటుంది. అంతకన్నా గట్టిది సెక్షన్ 113లోని నాలుగో ఉపసెక్షన్. పరిమితి దాటిన బరువుతో బండి నడుపుతున్నది ఓనర్ కాకపోతే, అది ఓనర్‌కు తెలిసే, లేదా ఓనర్ ఆదేశం మీదే జరిగిందని కోర్టు అనుకోవచ్చు. ఇంత పదునైన మాట చట్టంలో ఉండగా, మరణం జరిగిన కేసులో ఓనర్ పేరు ఎందుకు రాదు? ఎందుకంటే బరువు తూచిన చీటీ ఉండదు. యాక్సిడెంట్ అయిన లారీని సరుకు దించకముందే కాంటా మీదికి ఎక్కించి, ఆ చీటీని కేసు ఫైల్లో పెట్టడం గంట పని. అది జరగకుండా సరుకు మారిపోయిందంటే ఓనర్ దాకా వెళ్లే దారి అక్కడే తెగిపోతుంది.

డ్రైవర్ నిద్ర గురించి కూడా ఇదే. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికులకు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలే పని అని 1961లోనే చట్టం చేశారు. ఐదు గంటలు నడిపాక అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నారు. అది అయిదుగురు, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు రాసిన చట్టం, 2025 నవంబరు దాకా అమల్లో ఉంది. మన లారీల్లో ఎన్నో ఒకటి రెండు బండ్లున్న ఓనర్లవి, కాబట్టి ఎవరి గంటలు ఎవరు లెక్కపెడతారు? ఆటోనగర్‌లో ఏ డ్రైవర్‌ని కదిపినా చెప్పే మాట ఒకటే. ట్రిప్పుకు ఇంత, తెల్లారేసరికి సరుకు దిగాలి, లేటైతే కోత. ఈ కోత గురించి కూడా మోటారు వాహనాల చట్టం ఆలోచించింది. సెక్షన్ 183లో ఉంది: ఫలానా టైములోగా చేరాలని ఎవరైనా ఆదేశమిచ్చి, స్పీడ్ లిమిట్ దాటకుండా ఆ టైములో చేరడం కుదరదని కోర్టుకు అనిపిస్తే, ఆదేశమిచ్చినవాడే నేరం చేశాడనడానికి అది ప్రాథమిక సాక్ష్యం. వాట్సాప్‌లో ఓనర్ పెట్టిన వాయిస్ మెసేజ్, ఫాస్టాగ్‌లో టోల్ గేట్ల టైములు, జీపీఎస్ రికార్డు. ఈ మూడూ పక్కపక్కన పెడితే డ్రైవర్ ఎంత సేపటి నుంచి నడుపుతున్నాడో, ఎవరి తొందర మీద నడుపుతున్నాడో అరగంటలో తెలుస్తుంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, సంతోషం. కానీ చల్లటి క్యాబిన్‌లో కూడా రెండు రాత్రులు నిద్రలేని మనిషి నిద్రలేని మనిషే.

రోడ్డు వైపు చూస్తే బాధ్యత ఇంకా పలచబడిపోతుంది. పగటిపూట సిటీలోకి భారీ వాహనాలకు నో ఎంట్రీ ఉంటుంది, ఉండాలి కూడా. అయితే ఆ లారీలు రాత్రయ్యేదాకా ఎక్కడ ఉండాలి? హయత్‌నగర్ వైపు, పటాన్‌చెరు వైపు హైవే అంచున బారులు తీరి కనిపించేవి చాలావరకు ఇలా వేచి ఉన్న బండ్లే. బండి ఆపుకోవడానికి చోటు చూపించకుండా నో ఎంట్రీ బోర్డు పెట్టిన వ్యవస్థకు ఆ బారులో జరిగే చావుల్లో వాటా లేదా? చేవెళ్ల రోడ్డు విస్తరణ అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఏళ్ల తరబడి ఆగిపోయింది, మర్రిచెట్ల వివాదంతో. చెట్లు బతకాలని నేనూ కోరుకుంటాను. కానీ ఆ వివాదాన్ని త్వరగా తేల్చాల్సినవాళ్లు తేల్చలేదు. రోడ్డు డిజైన్, నిర్వహణ ప్రమాణాలు పాటించని అధికారులు, కాంట్రాక్టర్ల మీద 2019 సవరణలో సెక్షన్ 198ఎ తెచ్చారు. దాని కింద జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు. కోట్ల రూపాయల రోడ్డు కాంట్రాక్టులో లక్ష జరిమానా ఎవరినీ భయపెట్టదు. ఆ మొత్తాన్ని పెంచాలి, దాన్ని నిజంగా వాడాలి.

ఒకరి కన్నా ఎక్కువ మంది తప్పుంటే బాధితులు ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నదానికి 2015లో సుప్రీంకోర్టు మంచి జవాబిచ్చింది. రెండు బండ్ల నిర్లక్ష్యం కలిసి మూడో మనిషి ప్రాణం తీస్తే, ఆ కుటుంబం మొత్తం పరిహారం ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. వాళ్ల వాటాలు వాళ్లు తర్వాత తేల్చుకుంటారు. బస్సులో కూర్చున్న ప్రయాణికుడి ఇంటివాళ్లు లారీ వాడెంత, బస్సు వాడెంత అని తలలు పట్టుకోనక్కర్లేదు.

2022 ఏప్రిల్ నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి యాక్సిడెంట్ రిపోర్ట్, 90 రోజుల్లో వివరమైన రిపోర్ట్ ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా దీన్ని కచ్చితంగా పాటించమంది. వివరమైన రిపోర్ట్ నిజంగా వివరంగా ఉంటే నేను ఇంతసేపు రాసిన సగం గొడవలు పుట్టవు. అంతదాకా కుటుంబాలే పూనుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంటికి ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. దగ్గరివాళ్లలో ఒకరు చోటు దగ్గరికి వెళ్లి ఫోటోలు తీయండి. చక్రాలు ఎక్కడున్నాయి, లైట్లున్నాయా, వెనక ఇనుప గార్డు ఉందా, టైర్లు అరిగాయా చూడండి. సీసీ కెమెరా ఫుటేజ్ తుడిచేయకముందే భద్రపరచమని రాతపూర్వకంగా అడగండి. లోడు కాంటా వేయించమని స్టేషన్‌లో అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. పంచనామా, మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్ట్, పాలసీ కాపీలు తెచ్చుకోండి. చూసినవాళ్లు సాక్ష్యానికి భయపడితే, ఆదుకున్నవాళ్లకు రక్షణగా సెక్షన్ 134ఎ ఉందని చెప్పండి.

క్లెయిమ్ పిటిషన్‌కు ఆరు నెలల గడువు పెట్టారు. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. యాక్సిడెంట్ ఎక్కడ జరిగినా, మీరు ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. కోదాడ దగ్గర ప్రాణం పోయిందని కోదాడ చుట్టూ తిరగక్కర్లేదు. అక్కడ రుజువు కూడా క్రిమినల్ కేసంత కఠినంగా ఉండనక్కర్లేదు. ఏది ఎక్కువ సంభవం అన్నదే ట్రిబ్యునల్ చూస్తుంది.

2024 జనవరిలో ట్రక్కు డ్రైవర్ల సమ్మె గుర్తుండే ఉంటుంది, హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు కట్టాం. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106లో రెండో భాగం, చెప్పకుండా పారిపోతే పదేళ్ల జైలు, దాని మీద గొడవ. ఆ భాగాన్ని ఆపేసి, 2024 జులై 1న మిగతా చట్టం అమల్లోకి తెచ్చారు. నిర్లక్ష్యంతో మరణానికి మొదటి భాగం కింద శిక్ష రెండేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. ఆ రోజుల్లో టీవీ చర్చలన్నీ డ్రైవర్‌కు రెండేళ్లా, పదేళ్లా అన్న చుట్టే తిరిగాయి. పంపినవాడికి ఎంత అన్నది నేను విన్న ఒక్క చర్చలోనూ రాలేదు.

మా కేసులో ఇప్పుడు ఆ డ్రైవర్ ఒక్కడే ముద్దాయి. వాయిదాలకు వస్తున్నాడు, లాయర్ ఫీజు తనే అప్పు చేసి కడుతున్నాడని విన్నాను. అతని మీద మా వదినకు కోపం లేదని కాదు, ఉంది. కానీ "అక్కడ్నే ఉండు" అన్న గొంతు ఎవరిదో కోర్టుకు తెలియాలని ఆమె పట్టుదల. విచారణలో సాక్ష్యం బయటపడితే ఛార్జిషీట్‌లో లేని మనిషిని కూడా ముద్దాయిగా చేర్చే అధికారం కోర్టుకు ఉంది, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 358 కింద. టెలికాం కంపెనీలు కాల్ రికార్డులను రెండేళ్లయినా ఉంచాలన్నది నిబంధన, ఆ తర్వాత ఉంటాయన్న నమ్మకం లేదు. అందుకే ఆ రాత్రి కాల్ రికార్డులు తెప్పించమని పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు అర్జీ ఇచ్చాం. క్లీనర్ సాక్ష్యానికి సమన్లు వెళ్లాయి.